కామా పేరుతో

డాక్టరమ్మ గది తలుపు మూసుకునే ముందు మా ఆవిడ వెనక్కి తిరిగి, "నా ఫోను తెచ్చావా?" అంది. "ఇంట్లో ఛార్జింగులో ఉంది" అన్నాను. ఆ ఫోను నా చొక్కా జేబులోనే ఉంది, నా గుండెకీ, భుజాలకి కట్టుకున్న గుడ్డలో ముడుచుకుని నిద్రపోతున్న పాప చెంపకీ మధ్య, వెచ్చగా. తలుపు మూసుకుంది. గోడ గడియారంలో పదకొండూ ఐదు. డాక్టరమ్మ ప్రతిసారీ గంటసేపు మాట్లాడుతుంది, నిమిషం అటూ ఇటూ, ఇది ఐదోసారి కాబట్టి నాకు ఆ లెక్క తెలుసు. పాప పుట్టిన ఈ మూడు నెలల పదకొండు రోజుల్లో ఆమె తనంతట తాను నన్ను అడిగిన మొదటి వస్తువు ఆ ఫోను. నీళ్ళు అడగలేదు, దుప్పటి అడగలేదు, పాపని అడగలేదు. ఇవ్వాళ పొద్దున తల దువ్వుకుంటూ, అద్దంలోకి చూస్తూ, మర్చిపోయిన చుట్టం ఎవరో గుర్తొచ్చినట్టు, నా ఫోను ఎక్కడుంది అంది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. నేనేమో దొంగలా జేబు తడుముకున్నాను. గంట తర్వాత బయటికొస్తుంది, మళ్ళీ అడుగుతుంది, ఇవ్వాలి, ఇస్తే తెరుస్తుంది, తెరిస్తే తన పేరుతో, తన గొంతుతో, తను రాయని మాటలు మూడు నెలల పొడుగునా వరసగా కనిపిస్తాయి.

ఈ వరండాలో మూడు కుర్చీలు, ఒకటి కాలు విరిగి గోడకి ఆనించి ఉంది. ఇప్పుడే తుడిచిన నేల, మందు వాసన, చివర్లో లిఫ్టు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నేల బయటి నేలకంటే రెండు వేళ్ళు కిందే ఆగుతోంది. బ్రేకు అరిగింది, ఎవరికైనా చెప్పాలి, నాకెందుకు, ఇవ్వాళ సెలవు, కానీ చెవి ఊరుకోదు. పదమూడేళ్ళుగా లిఫ్టులు బాగుచేసేవాడి చెవి అది, పెళ్ళిలో కూర్చున్నా పై అంతస్తులో మోటారు మూలిగితే వింటుంది. మరి అంత చెవి పెట్టుకుని, పక్కన పడుకున్న మనిషి లోపల ఏదో ఆగిపోయిందని నెల తిరిగేదాకా ఎందుకు వినలేకపోయాను? అలసట అనుకున్నాను, కాన్పు బడలిక అనుకున్నాను. మా అక్క వచ్చి పది రోజులుండి, "మేమూ కన్నాంరా, ఇంత వేషం మేమెవరం వెయ్యలేదు" అనేసి వెళ్ళిపోయింది. అక్కకి అడ్డం చెప్పాలని కూడా తోచలేదు నాకు. ఆ మాట గోడవైపు తిరిగి పడుకున్న ఆమె వినే ఉంటుంది. వెన్ను కదల్లేదు. వినని వెన్నుకీ విని కదలని వెన్నుకీ తేడా ఉంటుందని అప్పటికి నాకింకా తెలియదు.

జేబులో ఫోను ఒణికింది. పాప పెదవులు చప్పరించి మళ్ళీ సర్దుకుంది. వాళ్ళే అయ్యుంటారు, పదకొండింటికి ఒక విడత కబుర్లు ఉంటాయి, పిల్లలు పొద్దుటి నిద్రలోకి జారే వేళ. గ్రూపు పేరు 'కొత్తమ్మలు'. కడుపుతో ఉండగా ఐదో నెలలో చేరింది ఆమె, ఆస్పత్రి వరసలో పక్కన కూర్చున్నావిడ చేర్చిందట. పేరేం పెట్టుకోవాలని రెండు రోజులు ఆలోచించి 'కామా' అని పెట్టుకుంది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో చూడ్డమే ఆమె ఉద్యోగం. నిండు నెలలదాకా నేను కామానే, ఫుల్‌స్టాప్ పెట్టే పని ఆ పిల్లది అనేది. సాయంత్రాలు సోఫాలో కాళ్ళు నా ఒళ్ళో పడేసి, వాళ్ళు రాసినవి పైకి చదివి వినిపించేది. కవలలమ్మ అని ఒకావిడ ఉండేది, అందరికంటే ముందు కనేసింది. ఒకరోజు, "ఇవ్వాళ పెద్దోడికి రెండుసార్లు స్నానం చేయించాను. చిన్నోడి దగ్గర వాసన వస్తే అర్థమైంది" అని రాసింది. అది చదివి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది, లోపల పిల్ల తన్నేసరికి ఇంకా నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివి మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయాం, ఏ అరలోనో ఉంటుంది అనుకునేవాణ్ణి తర్వాత రోజుల్లో, అర తరవాత అర తెరిచి చిన్న టవలో నూనె సీసానో వెతుకుతూ.

పుట్టిన మూడో వారంలో పాప నాలుగు రోజులపాటు దొడ్డికి వెళ్ళలేదు. చిన్న విషయం, ఇప్పుడు తెలుసు. ఆ మధ్యాహ్నం పాపని భుజాన వేసుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను, ఆస్పత్రికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు, గదిలోకి వెళ్ళి, "ఏం చేద్దాం?" అంటే ఆమె కళ్ళు తెరిచి, నన్ను దాటి ఎటో చూసి, "నాకు తెలీదు" అని మళ్ళీ మూసుకుంది. బల్లమీద ఆమె ఫోను వారం రోజులుగా మూలుగుతోంది, 'కామా ఎక్కడ', 'కామా కన్నావా', 'కామా, ఫుల్‌స్టాప్ పెట్టిందా పిల్ల?' తాళం అంకెలు నాకు తెలుసు, మా పెళ్ళి తారీఖు. తెరిచాను. నేను ఫలానా అని చెప్పుకోవాలని తోచలేదు, తోచినా చెప్పేవాణ్ణి కాదేమో, పైన పెద్ద అక్షరాల్లో 'అమ్మలకు మాత్రమే' అని ఉంది. ఒంటి చేత్తో కొట్టాను: పాప పుట్టింది, బాగున్నాం, నాలుగు రోజులుగా కడుపు కదల్లేదు, భయంగా ఉంది. నిమిషంలో పదిహేను జవాబులు. శుభాకాంక్షలు, ముద్దులు, పాపది అమ్మ పాలే అయితే వారం దాకా భయం లేదు, పొట్ట మెత్తగా ఉందా చూడు, మోకాళ్ళు సైకిలు తొక్కినట్టు ఆడించు. చివర్లో కవలలమ్మ: "ఇవేవీ పనిచెయ్యకపోతే ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకో చెల్లీ. హామీ నాది." నవ్వొచ్చింది. పొట్ట మెత్తగానే ఉంది, మోకాళ్ళు ఆడించాను, గంటయ్యింది, ఏమీ లేదు. తిక్కపుట్టి నిజంగానే వెళ్ళి తెల్లచొక్కా తొడుక్కొచ్చి కూర్చున్నాను. పావుగంటలో, మెడ దగ్గర్నుంచి మోకాలిదాకా. ఆ చొక్కాతోనే నిలబడి, ఫోను తడిసిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, 'హామీ నిలబెట్టుకున్నావక్కా' అని రాశాను. నా సొంత అక్క మూడు వీధుల అవతల ఉంది.

అలా మొదలైంది. మరుసటి రోజు ఏదో అడగడానికి, ఆ మర్నాడు ఎవరో అడిగినదానికి చెప్పడానికి, తర్వాత ఊరికే. పాప మొదటిసారి గట్టిగా తుమ్మినప్పుడు నేను పరిగెత్తి కిటికీలన్నీ మూసేసిన సంగతి రాస్తే నలభైమంది నవ్వారు. నలభైమంది నవ్విన మధ్యాహ్నం ఇల్లు వేరేగా ఉంటుంది, ఎండ కూడా కాస్త లోపలిదాకా వచ్చినట్టుంటుంది. కంపెనీవాళ్ళు నాకు ఇంట్లోనే ఫోను డ్యూటీ ఇచ్చారు, లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బటను నొక్కితే ఆ పిలుపు నాకు వస్తుంది, మెకానిక్కు చేరేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. భయపడకండి, గాలి ఆడుతూనే ఉంటుంది, కింద కూర్చోండి, నేను లైన్లోనే ఉంటాను. ఒకసారి ఎవరో పెద్దాయన ఇరుక్కుని వగరుస్తున్నాడు, నేను నా పాఠం మొదలుపెట్టేసరికి పాప అందుకుంది, ఆపితే ఆగదు, ఆయన కాసేపు విని, "ముందు పాపని చూసుకో నాయనా, నేనెక్కడికి పోతాను" అన్నాడు. ఇది గ్రూపులో రాయాలని చేతులు లాగాయి, రాయకూడదు, ప్రూఫులు దిద్దే మనిషికి లిఫ్టు ఫోన్లు ఎందుకొస్తాయి. మా ఆయనకి జరిగింది అని మార్చి రాశాను. రాస్తే ఎంత మెచ్చుకున్నారో, దాంతో నాకు కొంచెం తలకెక్కి, అలా 'మా ఆయన' ఒక పాత్ర అయి కూర్చున్నాడు, ఓపిక గలవాడు, గిన్నెలు తోమేవాడు, పాపకి పాటలు పాడేవాడు. సిగ్గులేకుండా రాశాను. ఎవరో ఒకరు నన్ను బాగున్నావురా అనాలి కదా, ఆ ఒకరిని నేనే తయారుచేసుకున్నాను.

పదకొండూ ఇరవై రెండు. పాప ముక్కు మీద చెమట. గుడ్డ కాస్త వదులు చేశాను. తలుపు అవతల డాక్టరమ్మ గొంతు సన్నగా, ఆమె గొంతు అసలు లేదు, లేక వినపడటం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు గంటంతా ఒక్క మాట మాట్లాడలేదట. ఇక్కడికి రావడం కూడా ఆ గ్రూపు వాళ్ళ వల్లే. రెండో నెలలో ఒక ఉదయం, పాప పక్కనే గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె మంచం మీద కూర్చుని చూస్తూ ఉంది, చెయ్యి చాపలేదు, విసుక్కోలేదు, టీవీలో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు చూసింది. నేను పాపని ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి, స్టవ్ పక్కన నిలబడి రాశాను, ఆమె పేరుతోనే: 'నేను పాపని ఎత్తుకోవడం లేదు. ఎత్తుకోవాలనిపించడం లేదు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. నన్ను చూస్తున్నవాళ్ళు ఏం చేస్తే బాగుంటుంది?' ఆ చివరి వాక్యం ఎంత తింగరిగా ఉందో అప్పుడు తోచలేదు. తర్వాత బస్సక్క రాసింది. సిటీ బస్సు నడుపుతుందావిడ, మామూలుగా రెండు ముక్కలకి మించి రాయదు, ఆ రోజు తెర నిండా రాసింది. తన మొదటి కాన్పప్పుడు నాలుగు నెలలు అలాగే ఉన్నానని, డిపో నుంచి బస్సు తీసుకెళ్ళి ఎక్కడైనా వదిలేసి నడుచుకుంటూ పోవాలనిపించేదని. 'ఇది బద్ధకం కాదు, పాపం కాదు, జబ్బు. తగ్గుతుంది. నాకు తగ్గింది. చూస్తున్నవాళ్ళకి చెప్పు, ఏమైంది ఏమైంది అని అడగొద్దని. స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమను. కిటికీ దగ్గర కుర్చీ వెయ్యమను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను, రేపు కాదు ఇవ్వాళ. నిన్ను ఒక్కదాన్నే వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు.' కింద ఒక ఫోను నంబరు, ఈ డాక్టరమ్మది. వేణ్ణీళ్ళు పెట్టాను. కుర్చీ వేశాను. నంబరుకి చేశాను. నా జీవితంలో ఎవరి మాటా అంత అక్షరం తప్పకుండా వినలేదు.

అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి. బొటనవేలు తెరమీద పెడితే దారులు కనిపిస్తూనే ఉన్నాయి, గ్రూపులోంచి బయటికి వెళ్ళు, సంభాషణ చెరిపెయ్యి. ఫోను పాడైంది, అన్నీ పోయాయి అనొచ్చు, ఆమె నమ్ముతుంది, ఈ మధ్య ఆమె దేన్నీ నమ్మకపోవడానికి కావలసిన ఓపిక కూడా పెట్టడం లేదు. చెరిపేస్తే ఆమె గోడవైపు తిరిగిన సంగతి నలభైమందికి చెప్పినట్టు ఆమెకి తెలియదు. చెరిపేస్తే బస్సక్క కూడా పోతుంది, తెల్లచొక్కా పోతుంది. వేలు అక్కడే ఆగి ఉంది. నిజంగానే ఒక నిమిషం ఆగి ఉంది. ఆమెని మొదటిసారి చూసింది అచ్చాఫీసు మెట్ల దగ్గర, వాళ్ళ లిఫ్టు విప్పి పెట్టి, అట్టముక్క మీద 'లిఫ్టు మరమత్తులో ఉన్నది' అని రాసి తగిలించాను, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఎవరో ఎర్ర పెన్సిలుతో 'మరమత్తు' కొట్టేసి పైన 'మరమ్మతు' అని రాశారు. ఎవరని అడిగితే పైనుంచి, "నేనే, ఏం?" అంది. కొట్టేసేదానివి పూర్తిగా గీకెయ్యొచ్చుగా, తప్పు అందరికీ కనపడేలా ఒక్క గీతే ఎందుకు గీశావన్నాను. "మా పనిలో అంతే. కొట్టేసింది కింద కనపడాలి. లేకపోతే ఎవరు ఏం రాశారో, ఎవరు ఎందుకు దిద్దారో తర్వాతవాడికి ఎలా తెలుస్తుంది?" అంది. ఆ మాట అంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది, ఆ లిఫ్టుకి ఒక్క పూట పని, నేను నాలుగు రోజులు చేశాను.

వేలు తీసేశాను. ముందు వాళ్ళకి చెప్పాలి, తర్వాత ఆమెకి. లేదా ముందు ఆమెకి చెప్పాలేమో, కానీ ఆమె లోపల ఉంది, ధైర్యం బయట ఉన్నప్పుడే వాడుకోవాలి. పాప తల కింద చెయ్యి మార్చి, రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. 'నేను కామాని కాదు. కామా భర్తని. పాప పుట్టినప్పటి నుంచి ఇక్కడ రాసింది నేనే. ఆమెకి బాగోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నది ఆమె. అడగడానికి ఇంకెవరూ లేక మిమ్మల్ని అడిగాను, తర్వాత మానలేకపోయాను. మీ సొంత విషయాలు చాలా చదివాను, చదవకూడనివి. క్షమించమని అడిగే అర్హత లేదు. ఆమెకి ఇప్పుడు కొంచెం నయంగా ఉంది. ఫోను అడిగింది.' పంపాను. పదకొండూ ముప్పై ఎనిమిది. లిఫ్టు వచ్చింది, రెండు వేళ్ళు కింద ఆగింది, ఎవరో ముసలావిడ తట్టుకుని పడబోయి తమాయించుకుంది. తెర మీద ఒకరు రాస్తున్నట్టు చుక్కలు, ఆగాయి. మళ్ళీ చుక్కలు. ఆగాయి. గాలి ఆడుతూనే ఉంటుంది, కింద కూర్చోండి అని రోజుకి ఇరవైమందికి చెప్పేవాణ్ణి, కుర్చీలోనే కూర్చుని ఊపిరి అందక గడియారం ముల్లు చూస్తున్నాను.

మొదటి జవాబు 'ఆవులింత' అనే అమ్మాయిది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, గ్రూపులో అందరికంటే చిన్నది. 'నా కుట్ల గురించి రాశాను నేను ఇక్కడ. నా ఒంటి గురించి. మా అమ్మకి కూడా చెప్పనివి. అవన్నీ ఒక మగాడు చదివాడా.' ఇంకేమీ రాయలేదు. ఆవులింత గ్రూపు నుంచి వెళ్ళిపోయింది అని సన్నటి అక్షరాల్లో వచ్చింది. అంతే, తలుపు వెయ్యడం లాంటి చప్పుడు కూడా లేదు. ఆ అమ్మాయి వాళ్ళ బాబుకి కామెర్లు వచ్చినప్పుడు నేను రెండు రోజులు ధైర్యం చెప్పాను, ఆ ధైర్యం ఇప్పుడు ఆ పిల్లకి ఎలా అనిపిస్తుందో. వెనక్కి పిలిచే హక్కు నాకు లేదు. ఇక అందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతారు, ఆమె చేతికి ఖాళీ గది ఇస్తాను అనుకున్నాను.

టీచరమ్మ వచ్చింది. బళ్ళో లెక్కలు చెబుతుంది, గ్రూపు పెట్టింది ఆవిడే, ఎవరైనా గొడవ పడితే ఆవిడ ఒక్క వాక్యం రాస్తే అందరూ చేతులు కట్టుకుంటారు. 'ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను' అంది. తర్వాత: 'కామా గారి భర్తా, మాకు అనుమానం లేదనుకున్నారా? ఐదో నెల నుంచి తొమ్మిదో నెలదాకా ఒక్క అచ్చుతప్పు రాయని మనిషి, కాన్పవగానే విరోచణాలు అని రాసింది. మొదట నిద్రలేక అనుకున్నాం.' దాని కింద కవలలమ్మ: 'నాకు అక్కడ రాలేదు అనుమానం. కాన్పయ్యాక మూడో నెలలో మొగుణ్ణి అంతగా పొగిడిన ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. ఆ రోజే మా ఆయనకి చూపించా. ఇది రాసింది మొగుడే, చదివి నువ్వు కూడా నేర్చుకో అన్నా.' నవ్వు తన్నుకొచ్చింది, పాప ఎగిరిపడింది, వీపు నిమిరాను, నవ్వూ ఏడుపూ ఒకే గొట్టంలోంచి వస్తాయి కాబోలు, ఏది ముందు వచ్చిందో తెలియలేదు. మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు అని రాయబోతుంటే బస్సక్క: 'ఆ గోడ గురించి అడిగావు చూడు, చూస్తున్నవాళ్ళు ఏం చెయ్యాలని, అప్పుడే అర్థమైంది. అడిగేవాడు ఉన్నాడు కదా అనుకున్నా. మా ఇంట్లో అడిగినవాళ్ళు లేరు.'

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. 'అయినా నియమం నియమమే. ఇది అమ్మల చోటు. ఆ అమ్మాయి అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ పేరు ఆవిడది, ఎప్పుడొచ్చినా ఆవిడకి చోటు ఉంటుంది. మీరు మాత్రం వెళ్ళాలి.' కొంచెం ఆగి: 'వెళ్ళేముందు పాప బరువెంతో చెప్పి వెళ్ళండి. మొన్న తూకం వేయించాలన్నారుగా.' ఐదు కిలోల నాలుగొందలు అని రాశాను. దండాలు పెట్టారు, హృదయాలు పెట్టారు, కొందరు ఏమీ పెట్టలేదు, వాళ్ళది కూడా న్యాయమే. కవలలమ్మ, 'బాబాయ్, చివరగా ఒక్క సలహా, తెల్లచొక్కాలు మానెయ్' అంది. సరే అక్కా అని రాసి, ఫోను జేబులో పెట్టుకున్నాను. కొత్త ఇంట్లోకి సామాను మోసి పెట్టి, గుమ్మం బయట నిలబడ్డ కూలివాడిలా ఉంది. లోపలికి ఎవరు అడుగుపెడతారో వాళ్ళది ఇల్లు.

పన్నెండూ ఏడుకి తలుపు తెరుచుకుంది. ఆమె మొహం కడుక్కుంది, నుదుటి దగ్గర జుట్టు తడిగా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంతకుముందు నాలుగుసార్లు పొడి కళ్ళతో వచ్చింది. పక్క కుర్చీలో కూర్చుని, పాప కాలి వేళ్ళు గుడ్డలోంచి బయటికొచ్చి ఉంటే వాటిని చూసి, "పాలు తాగిందా?" అంది. తొమ్మిదిన్నరకి సీసా పాలు తాగింది అన్నాను. తర్వాత ఇక ఆపితే ఆగిపోతానని, ఒక్క ఊపులో చెప్పేశాను. "ఫోను ఇంట్లో లేదు, నా దగ్గరే ఉంది. నీ గ్రూపులో నీ పేరుతో నేను రాస్తూ వచ్చాను, పాప పుట్టినప్పటి నుంచీ. నీ సంగతి కూడా రాశాను. ఇవ్వాళ వాళ్ళకి చెప్పేశాను. ఒకమ్మాయి వెళ్ళిపోయింది." ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను.

పైకి, పైకి, పైకి తిప్పుకుంటూ నేను రాసిన మొదటి మాటదాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టింది, ప్రూఫు చదివినట్టు, వేలు వరస కింద వరస కదుపుతూ, పెదవులు చిన్నగా ఆడిస్తూ. నేను ఆ వేలినే చూశాను. తెల్లచొక్కా దగ్గర ఆగలేదు. ఇరుక్కున్న పెద్దాయన దగ్గర ముక్కుతో చిన్న శబ్దం చేసింది, నవ్వో జలుబో. గోడ దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఇలా ఉన్నానా?"

"ఉన్నావు."

"ఆ గోడకి ఒకచోట సున్నం పెచ్చు లేచింది. కుందేలు లాగా ఉంటుంది. రోజంతా దాన్నే చూసేదాన్ని. దానికి రెండో చెవి వస్తుందేమోనని." ఆ మంచం గురించి ఆమె నోరు విప్పడం ఇదే మొదలు. నేను కదల్లేదు, కదిలితే ఆ కుందేలు పారిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాను. "నాకు కోపం రావాలి కదా" అంది. రావాలి అన్నాను. "వస్తుంది. ఇంటికెళ్ళాక" అని మళ్ళీ చదవసాగింది. గది తలుపు తెరిచి నర్సు ఇంకెవరినో పిలిచింది, వాళ్ళు మా మోకాళ్ళు దాటుకుని వెళ్ళారు.

తర్వాత ఒకచోట ఆమె వేలు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి, నిలిచిపోయింది. "ఏడవడానికి మంచి చోటు ఏదని ఎవరో అడిగారు. అందరూ బాత్రూం అన్నారు, కారు అన్నారు. నేను లిఫ్టు గుంట అన్నాను. లిఫ్టు గుంటలో ఏడ్చానా నేను?"

"నువ్వు కాదు."

ఆమె తలెత్తి నా మొహం చూసింది. ఇన్నాళ్ళలో నన్ను దాటి చూడకుండా, నా దగ్గరే ఆగి చూసింది. చెప్పక తప్పలేదు. ఫోను డ్యూటీ ఇవ్వకముందు, పాపకి నెల నిండని రోజుల్లో, తొమ్మిదంతస్తుల భవనంలో అడుగున ఉండే గుంటలోకి గ్రీజు పెట్టడానికి దిగాను. అక్కడ చీకటి, నూనె వాసన, పైన లిఫ్టు ఆపేసి ఉంది కాబట్టి ఎవరూ రారు. గ్రీజు డబ్బా మీద కూర్చున్నాను, అంతే.

"ఎంతసేపు?"

"పైనుంచి వాచ్‌మన్ పిలిచేదాకా."

నా చొక్కా మీద పాప చొంగ ఆరి మరకయింది, ఆమె దాన్ని గోటితో కాస్త గీకింది, పోదని తెలిసీ. ఆ చెయ్యి అక్కడే ఉండగా పాప లేచింది, మొహం ముడిచి, కాళ్ళు చాచి, ఇంకా ఏడవాలా వద్దా అని ఆలోచిస్తోంది. గుడ్డ ముడి విప్పుతుంటే ఆమె, "ఇటివ్వు" అంది. ఇచ్చాను. పట్టుకోవడం అంత బాగా రాలేదు, మోచెయ్యి ఎత్తుగా పెట్టింది, పాప తల పక్కకి జారింది, నా చెయ్యి ముందుకెళ్ళబోయి ఆగింది. ఆమె తనే సర్దుకుంది. పాప కాసేపు ఆమె గడ్డం వైపు చూసి, మెడ దగ్గర ముక్కు ఆనించి ఊరుకుంది. ఎడమ చేత్తో పాపని అదుముకుని, కుడి చేతి బొటనవేలితో ఆమె రాయడం మొదలుపెట్టింది. చాలా నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ, ఒకచోట వెనక్కి వచ్చి ఏదో మార్చి. పూర్తిచేసి పంపింది. ఒక్క క్షణం. తర్వాత ఫోను ఒణకడం మొదలై ఇక ఆగలేదు, కుర్చీ చేతి మీద పెడితే అదే జరుగుతూ అంచుదాకా వచ్చింది, పడకుండా పట్టుకుంది.

నేను వంగి చూడబోయాను. ఆమె భుజం కొంచెం అటు తిప్పుకుని తెరని పాప వీపు వెనక్కి దాచింది.

"ఎవరికి రాశావు?" అన్నాను.

"మావాళ్ళకి" అంది.